ఇంటర్వ్యూకు ఒప్పుకునే ముందు: మన జిల్లాల జానపద కళాకారుల కోసం

దేవరకొండ, అచ్చంపేట, మిర్యాలగూడ, సూర్యాపేట, నారాయణపేట.. ఎటు చూసినా ఇప్పుడు జానపద పాటలు పాడేవాళ్లు, వాటికి డ్యాన్స్ చేసే జంటలు, షార్ట్ ఫిల్ములు తీసే బృందాలు ఉన్నాయి. బతుకమ్మకు ముందు కొత్త పాటలు వరసబెట్టి యూట్యూబ్‌లోకి వస్తాయి. అందులో ఒకటి జనం నోట్లో పడిందంటే చాలు, పాడినవాళ్లకు హైదరాబాద్ నుంచి ఫోన్ వస్తుంది. "మేడం, మీ ఇంటర్వ్యూ చేద్దామనుకుంటున్నం, రేపు రాగలరా?" ఇంట్లో అందరూ సంబరపడతారు. పొద్దున్నే బస్సెక్కి స్టూడియోకు పోతారు. వారం తిరిగేసరికి అదే ఇంటర్వ్యూ మీద ఊర్లో తలెత్తుకోలేని మాటలు మొదలవుతాయి.

ఈ పరిస్థితి చూస్తుంటే నాకు బాధగా ఉంటుంది. పాట కోసం రాత్రింబవళ్లు కష్టపడిన పిల్లలు, ఎవరో పెట్టిన తంబ్‌నెయిల్‌కు (వీడియో తెరవకముందు కనిపించే బొమ్మ, దాని మీది రాతలు) ఇంట్లోవాళ్ల ముందు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తోంది. అందుకే ఆ వీడియో ఎలా తయారవుతుందో, ఎక్కడ కోత పడుతుందో, పడకుండా ఏం చేయాలో, పడితే ఎక్కడికి పోవాలో వివరంగా రాస్తున్నాను.

ముందు డబ్బు లెక్క తెలుసుకోవాలి. మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో యూట్యూబ్ 55 శాతం ఛానెల్‌కు ఇస్తుంది. వీడియో 8 నిమిషాలు దాటితే మధ్యలో కూడా ప్రకటనలు పెట్టుకోవచ్చు. 2020 జూలై దాకా ఈ హద్దు 10 నిమిషాలు ఉండేది. నిమిషంన్నరలో అయిపోయే విషయాన్ని "అసలేం జరిగిందంటే" అంటూ 8 నిమిషాల పైకి సాగదీయడానికి కారణం ఇదే. ఇక తంబ్‌నెయిల్ సంగతి. కంటపడిన వందమందిలో ఎంతమంది నొక్కారన్న లెక్క ప్రతి ఛానెల్‌కూ కనిపిస్తుంది. సగం ఛానెళ్లకు, వీడియోలకు అది 2 నుంచి 10 శాతం మధ్యే ఉంటుందని యూట్యూబే చెబుతోంది. మూడు శాతాన్ని ఆరు చేసుకోగలిగితే ఆదాయం ఇంచుమించు రెట్టింపు. అందుకే వీడియో ఎడిట్ చేసేవాళ్ల కంటే తంబ్‌నెయిల్ రాసేవాళ్ల మాటకే ఆఫీసులో విలువ ఎక్కువ. పైగా ఒకే వీడియోకు మూడు తంబ్‌నెయిళ్లు పెట్టి, ఏది ఎక్కువ పనిచేస్తుందో పరీక్షించుకునే సౌకర్యం కూడా ఉంది. అంటే మీ ఫోన్‌లో కనిపించిన బొమ్మే మీ మేనమామ ఫోన్‌లోనూ కనిపించాలని లేదు. "గంత ఘోరం ఏం రాసిండ్రు, మంచిగనే ఉందిగా" అని ఇంట్లో ఒకరంటే, ఇంకొకరు కోపంతో ఊగిపోవడానికి ఇదొక కారణం.

ఇప్పుడు కోత సంగతి. ఇది ఊహించి రాసిన సంభాషణే కానీ, పద్ధతి మాత్రం అచ్చంగా ఇదే.

యాంకర్ అడుగుతాడు: "మీరూ, మీతో డ్యాన్స్ చేసే ఆయనా ఇప్పుడు మాట్లాడుకోవట్లేదట కదా?"

గాయని: "అట్లేం లేదు సార్. ఆయన దుబాయ్ పోయిండు, రాత్రి డ్యూటీ. నేను ఫోన్ చేస్తలేను, ఆయన ఎత్తుతలేడు అని కాదు, టైం కలుస్తలేదంతే."

పావుగంట తర్వాత వాళ్లమ్మ ప్రస్తావన వస్తుంది. "పాట హిట్ అయింది గానీ చూడనీకి మా అమ్మ లేదు సార్" అని ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటుంది.

ప్రోమోలో మిగిలేది ఇది: యాంకర్ ప్రశ్న, వెంటనే "నేను ఫోన్ చేస్తలేను, ఆయన ఎత్తుతలేడు", ఆ వెంటనే కన్నీళ్లు. కింద విషాద సంగీతం. తంబ్‌నెయిల్ మీద "ఆయన వల్లే..? బోరున ఏడ్చేసిన సింగర్". ఇందులో ఒక్క ముక్క కూడా బయటి నుంచి తెచ్చింది కాదు. ప్రతి మాటా ఆ పిల్ల నోటి నుంచి వచ్చిందే. అందుకే ఇంటికొచ్చాక "నేను అట్ల అనలే" అంటే ఎవరూ నమ్మరు.

అతుకు ఎక్కడ పడిందో పట్టుకోవడం కష్టం కాదు. జవాబు వినిపిస్తుంటుంది కానీ తెర మీద యాంకర్ మొహమో, చేతులో కనిపిస్తుంటాయి. పెదవులు కనిపించని ఆ రెండు మూడు సెకన్లలోనే వాక్యం తెగి ఇంకో వాక్యానికి కలుస్తుంది. వెనక ఏసీ శబ్దం ఒక్కసారిగా మారినా, సంగీతం వాక్యం మధ్యలో మొదలైనా అనుమానించాలి. టేబుల్ మీద గ్లాసులో నీళ్లు చూడండి. ప్రశ్న అడిగేటప్పుడు నిండుగా ఉండి, జవాబు దగ్గర సగానికి వచ్చాయంటే ఆ రెండింటి మధ్య చాలాసేపు గడిచినట్టే. చున్నీ మడత, కాలర్ మైక్ పెట్టిన చోటు కూడా ఇలాగే పట్టిస్తాయి. ఫిర్యాదు రాసేటప్పుడు "ఎడిట్ చేశారు" అని ఊరికే అనకుండా, "2 నిమిషాల 14 సెకన్ల దగ్గర గ్లాసు నిండుగా ఉంది, 2 నిమిషాల 19 సెకన్ల దగ్గర సగం ఉంది" అని రాస్తే మాటకు బలం వస్తుంది.

మాట్లాడే తీరులో చేసుకోగల మార్పులు కొన్ని ఉన్నాయి. మన దిక్కు పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మర్యాద కోసం తలూపుతూ "ఆ.. ఆ సార్" అంటుంటాం. కెమెరా ముందు ఈ అలవాటు చాలా ప్రమాదం. "మీకు డబ్బులు ఎగ్గొట్టారట కదా" అని ప్రశ్న సగంలో ఉన్నప్పుడే మీరు తలూపితే, ఆ తలూపడమే జవాబుగా బయటికి పోతుంది. ప్రశ్న పూర్తయ్యేదాకా కదలకుండా వినండి. ప్రశ్నలోని చెడ్డమాటను మీ నోటితో మళ్లీ అనకండి. పై ఉదాహరణలో ఆ పిల్ల "నేను ఫోన్ చేస్తలేను" అన్న ముక్కను కాదనడానికే వాడింది, కానీ ఆ ముక్క ఒక్కటే కోసుకోవడానికి దొరికింది. "మేం మంచిగనే ఉన్నం. ఆయన దుబాయ్‌ల పనిచేస్తుండు" అని రెండు చిన్న వాక్యాలతో ఆపి ఉంటే కోయడానికి ఏమీ మిగిలేది కాదు. తడబడితే "మళ్లీ చెప్తా" అని వాక్యం మొదటి నుంచి ఎత్తుకోండి. ఏడుపొస్తే కెమెరా ఆపమనండి. స్టూడియోలో రెండు మూడు కెమెరాలుంటాయి, అన్నీ ఆగాయో లేదో అడిగి తెలుసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, ఇంటర్వ్యూ అయిపోగానే కాలర్ మైక్ తీసి చేతికిచ్చాకే చాయ్ ముట్టండి. మైక్ ఉన్నంతసేపూ రికార్డింగ్ నడుస్తుండొచ్చు. చాయ్ తాగుతూ సరదాగా అన్న మాటలే "ఆఫ్ ది రికార్డ్" పేరుతో ఇంకో వీడియో అవుతాయి.

మీ ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి అందరికీ కనిపించేలా టేబుల్ మీద పెట్టండి. ఇది దాచుకుని చేయాల్సిన పని కాదు. "నా కోసం పెట్టుకుంటున్న సార్" అంటే చాలు. పూర్తి సంభాషణ మీ దగ్గర కూడా ఉందని తెలిసిన ఎడిటర్ కోతకు వెనకాడతాడు. వీడియో బయటికొచ్చాక ఏ మాట ఎక్కడిదో చూపించడానికి కూడా మీ చేతిలో ఉండేది అదొక్కటే.

మన జిల్లాల విషయంలో నాకు ఎక్కువ కోపం తెప్పించేది ప్రేమ పుకార్ల కంటే జాలి వార్తలు. "తిండి కూడా లేక.. ఆ సింగర్ దీనస్థితి" అన్న తరహా వీడియోలు. అవుసలికుంట మొగులయ్యగారిని తీసుకోండి. నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి వచ్చి 12 మెట్ల కిన్నెర అనే తీగల వాయిద్యాన్ని బతికించిన కళాకారుడు. 2021లో సినిమా పాటలో ఆయన గొంతు వినిపించింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పని చేస్తున్న వీడియో దేశమంతా తిరిగింది. కళాకారుల గౌరవ వేతనం సంగతి, ప్రకటించిన సాయం ఎంతవరకు అందిందన్న సంగతి నిజంగా వార్తలే, రాయాల్సినవే. కానీ ఆ వీడియోను మళ్లీ మళ్లీ తిప్పిన వాటిలో కిన్నెర మెట్లు ఎలా కడతారో, ఆ కథాగానం ఎంతసేపు సాగుతుందో, ఆ విద్య నేర్చుకునే పిల్లలున్నారో లేదో అడిగినవి ఎన్ని? జాలి చూపించేవాళ్లకు కళాకారుడి చిరిగిన అంగీ కనిపిస్తుంది, చేతిలోని వాయిద్యం కనిపించదు.

జాలి వీడియో వల్ల నష్టం రెండు రకాలు. ఒకటి, పెళ్లికో జాతరకో ప్రోగ్రాం మాట్లాడుకునేవాళ్లు "ఎట్లయినా ఇబ్బందుల్ల ఉన్నరు కదా" అని రేటు తగ్గించి అడుగుతారు. రెండోది ఇంకా ఘోరం. ఆ వీడియోను వేరేవాళ్లు డౌన్‌లోడ్ చేసి, కింద తమ క్యూఆర్ కోడ్ అంటించి, సాయం పేరుతో డబ్బులు దండుకుంటారు. సాయం చేసేవాళ్లు స్కాన్ చేసిన తర్వాత, డబ్బు పంపే ముందు తెర మీద వచ్చే పేరు చదవాలి. కళాకారుడి పేరో, ఇంట్లోవాళ్ల పేరో కాకపోతే అక్కడే ఆగాలి. కళాకారుల వైపు నుంచి చేయాల్సింది, ఒకే ఒక్క ఖాతా వివరాలు తమ సొంత ఛానెల్‌లో తమ మొహంతో చెప్పి వీడియో పెట్టడం, తమకు సాయం అక్కర్లేకపోతే ఆ మాటే స్పష్టంగా చెప్పడం. దొంగ కోడ్‌కు డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

పెద్ద తారలకూ ఈ తిప్పలు తప్పలేదు. అచ్చంపేట ప్రాంతపు మూలాలున్న విజయ్ దేవరకొండ 2020 మే నెలలో, కరోనా సమయంలో తన సంస్థ చేసిన సాయం మీద వచ్చిన రాతలను తప్పుపడుతూ గాసిప్ వెబ్‌సైట్ల మీద బహిరంగంగా వీడియో పెట్టారు. పరిశ్రమలో చాలామంది ఆయనకు మద్దతిచ్చారు. 2021 అక్టోబర్‌లో సమంత తన వ్యక్తిగత జీవితం గురించి వచ్చిన వీడియోల మీద కూకట్‌పల్లి కోర్టుకు వెళ్తే, వాటిని తొలగించమని కోర్టు ఆదేశించింది. 2025 సెప్టెంబర్‌లో నాగార్జున తన పేరు, ఫొటో, గొంతు అనుమతి లేకుండా వాడకుండా ఢిల్లీ హైకోర్టు నుంచి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. వీళ్లకు లాయర్లున్నారు, మనకెక్కడిది అనుకోవద్దు. వాళ్లకు రక్షణ ఇచ్చిన చట్టం మీకూ వర్తిస్తుంది. ఒకరి అనుమతి లేకుండా వాళ్ల వ్యక్తిగత జీవితం గురించి ప్రచురించడం గోప్యత హక్కును కాలరాయడమేనని, ప్రజా రికార్డుల్లో ఉన్న విషయాలకు మినహాయింపు ఉంటుందని సుప్రీంకోర్టు 1994లోనే, ఆర్. రాజగోపాల్ కేసులో చెప్పింది.

వీడియో వచ్చిందని తెలియగానే చేయాల్సిన మొదటి పని ఆధారం దాచడం. చాలామంది ఆవేశంలో ఛానెల్‌కు ఫోన్ చేసి తిడతారు. అరగంటలో తంబ్‌నెయిల్ మారిపోతుంది, టైటిల్‌లోని మాటలు మారిపోతాయి, చూపించడానికి ఏమీ మిగలదు. అందుకని తిట్టకముందే తంబ్‌నెయిల్ స్క్రీన్‌షాట్ తీయండి. పైన చెప్పినట్టు మూడు రకాలు తిరుగుతుండొచ్చు కాబట్టి బంధువుల ఫోన్లలో కూడా చూసి తీయించండి. ఛానెల్ పేజీ తెరవడం దగ్గర్నుంచి వీడియో పూర్తయ్యేదాకా స్క్రీన్ రికార్డింగ్ చేయండి. లింకు, అప్‌లోడ్ తేదీ, అప్పటికి వచ్చిన వ్యూస్ ఒక కాగితం మీద రాసుకోండి. రికార్డ్ చేసిన ఫైల్‌ను ఆ ఫోన్‌లోనే ఉంచండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే ఫైల్ కుదించుకుపోయి మారిపోతుంది. కోర్టులో ఎలక్ట్రానిక్ ఆధారానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో మొదటి భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైల్ హ్యాష్ విలువ (ఆ ఫైల్‌కు వేలిముద్రలాంటి కోడ్) రాయాలి. ఫైల్ మారితే ఆ విలువ కూడా మారుతుంది.

తర్వాత యూట్యూబ్‌కు ఫిర్యాదు. అభిమానులంతా కలిసి రిపోర్ట్ కొడితే వీడియో పోతుందన్నది అపోహ. గోప్యత ఫిర్యాదు సాధారణంగా బాధితులే స్వయంగా చేయాలి. అందులో మీ మొహం, పేరు, గొంతు ఏ నిమిషంలో ఏ సెకనులో వచ్చాయో రాయాలి. ఫిర్యాదు అందాక వీడియో పెట్టినవాళ్లకు 48 గంటలు సమయం ఇవ్వొచ్చు. పరువు నష్టం ఫిర్యాదుకు వేరే ఫారం ఉంది. కాపీరైట్ ఫిర్యాదు త్వరగా పనిచేస్తుందని కొందరు అందరి మీదా దాన్నే వాడతారు. అది మీ హక్కున్న ఫొటోకో, పాటకో అయితేనే చేయండి. పాట రికార్డింగ్ హక్కు మామూలుగా తీసిన ఛానెల్ చేతిలో ఉంటుంది, పాడినవాళ్ల చేతిలో కాదు. ఫొటో విషయంలో మాత్రం ఒక వెసులుబాటు ఉంది. మీరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం మొదటి హక్కుదారు మీరే. కాబట్టి ఫొటో స్టూడియో బిల్లు పారేయకండి. మీ కాపీరైట్ ఫిర్యాదు తప్పని అవతలివాళ్లు కౌంటర్ వేస్తే, 10 పనిదినాల్లో మీరు కోర్టుకు వెళ్లినట్టు చూపించాలి. లేకపోతే వీడియో తిరిగి వస్తుంది.

పోలీస్ స్టేషన్‌కు పోయి "మా పరువు తీసిండ్రు, కేసు పెట్టండి" అంటే "కోర్టుకు పోండి" అంటారు. కోపం వస్తుంది కానీ చట్టం అలాగే ఉంది. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356. రెండేళ్ల వరకు సాధారణ జైలు, జరిమానా, లేదా సమాజ సేవ శిక్షగా ఉంటాయి. దీనికి మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేట్ కంప్లైంట్ వేయాలి. కానీ ఫొటో మార్ఫింగ్ చేసి అశ్లీలంగా పెట్టినా, "డబ్బులిస్తే వీడియో తీసేస్తం" అని బెదిరించినా సంగతి వేరు. మొదటిదానికి ఐటీ చట్టం, రెండోదానికి న్యాయ సంహితలోనే సెక్షన్ 308 కింద బలవంతపు వసూలు. వీటిని పోలీసులు తీసుకోవాలి. డబ్బు అడిగిన కాల్, మెసేజ్ తుడిచేయకండి. తంబ్‌నెయిల్‌లో చివర ప్రశ్నార్థకం పెట్టాం కాబట్టి మాకేం కాదు అని కొన్ని ఛానెళ్లు ధైర్యంగా ఉంటాయి. సెక్షన్ 356 వివరణలోనే ఉంది, ఇదో అదో అన్నట్టుగా చెప్పినా, వ్యంగ్యంగా చెప్పినా పరువు నష్టం కిందికి రావచ్చని.

నష్టపరిహారం కోసం సివిల్ దావా వేయాలంటే ప్రచురించిన రోజు నుంచి ఒక సంవత్సరమే గడువు. "చూద్దాం, చూద్దాం" అంటూ ఎంతోమంది ఈ గడువు దాటబెట్టుకుంటున్నారు. ఛానెల్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా, మీ పరువు పోయింది నల్లగొండలో అయితే నల్లగొండలోనే దావా వేసుకోవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 19 ఆ వీలు ఇస్తోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేసి సలహా అడగండి.

పేపర్లో వస్తే దారి వేరు. ముందు సంపాదకుడికి రాయాలి, అక్కడ న్యాయం జరక్కపోతే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలి. దినపత్రికలకు, వారపత్రికలకు గడువు రెండు నెలలు, మిగతావాటికి నాలుగు. కౌన్సిల్ జరిమానా వేయలేదు, తప్పని మందలించగలదు. యూట్యూబ్ ఛానెళ్లు దాని పరిధిలోకి రావు.

జిల్లా విలేకరులకు కూడా ఒక మాట. "స్పందన కోసం ప్రయత్నించగా అందుబాటులోకి రాలేదు" అని రాసే ముందు నిజంగా ఫోన్ చేయండి, రెండో నంబర్‌కు చేయండి, ఇంటికి మనిషిని పంపండి. ఆ ఇల్లు మీ మండలంలోనే ఉంటుంది.

పుకారును ఖండించేటప్పుడు అర్ధరాత్రి లైవ్ పెట్టకండి. పుకారును మళ్లీ చెప్పకండి, ఛానెల్ పేరు తీయకండి, దాంతో వాళ్లకే వెతికేవాళ్లు పెరుగుతారు. నిజం ఏమిటో మూడు వాక్యాల్లో, తేదీ వేసి, ఒక్కసారి పెట్టండి. మీ వాయిస్ రికార్డర్‌లోని అసలు ముక్క ఉంటే జత చేయండి.

ఇదంతా వచ్చిన తర్వాత చేసే వైద్యం. రాకుండా చేసే పని ఇంట్లోంచి బయల్దేరకముందే ఉంది. ఫోన్ వచ్చిన రోజే వాట్సాప్‌లో ఈ నాలుగు ముక్కలు పంపండి: "నమస్తే సార్. ఇంటర్వ్యూకు వస్తాను. నా పెళ్లి, నా తోటి కళాకారుల వ్యక్తిగత విషయాలు అడగవద్దు. ఇంట్లోవాళ్ల, పిల్లల ఫొటోలు వాడవద్దు. ప్రోమో, తంబ్‌నెయిల్ మీద రాసే మాటలు పెట్టేముందు నాకు చూపించాలి. మొత్తం సంభాషణ నేను కూడా రికార్డ్ చేసుకుంటాను. ఒప్పుకుంటే సరే అని రిప్లై ఇవ్వండి." స్టూడియోలో సంతకం చేయమని ఇచ్చే కాగితం ఫొటో కూడా ముందే అడగండి. అందులో సాధారణంగా వీడియోను ఎలాగైనా, ఎన్నిసార్లైనా వాడుకునే హక్కు ఛానెల్‌కు రాసిచ్చినట్టు ఉంటుంది. "ప్రోమో, తంబ్‌నెయిల్ ముందుగా చూపించిన తర్వాతే" అన్న మాట చేత్తో చేర్చి, పక్కన ఇద్దరూ సంతకం చేయాలి. "అక్కడికొచ్చినంక మాట్లాడుకుందాం మేడం" అని జవాబొస్తే, ఇంకా సరే అనలేదని అర్థం. సరే అన్న మెసేజ్ వచ్చాకే బస్సెక్కండి.